మా ఇంటాయన అరెస్టు కాగితం

ఆ పొద్దు మా ఇంటాయనకు కండ్లు తెరువరాలె. కండ్లకలక. రెప్పలు పుసితోటి అంటుకపోయినయి. ఉడుకునీళ్ళల్ల గుడ్డ ముంచి తుడిస్తెగాని ఇడువలె. ముందటి దినమే మా బిడ్డకు తొట్టెల ఏసినం, నేను పచ్చి బాలెంతను. మా దిక్కు కండ్లకలకకు చనుబాలు పిండుతరు. ఆయన తల తొడ మీద పెట్టుకోని, ఒక రొమ్ము బిడ్డకిచ్చి, ఇంకో రొమ్ముకెల్లి ఆయన కండ్లల్ల సుక్కలు పిండిన. "మండుతుందే" అన్నడు. "మండనీ, మొగోనివి కాదా" అన్న. ఇది రాయాల్నా అని నా బిడ్డ అడుగుతున్నది. రాయి బిడ్డా. ఏ స్టేషన్ల, ఏ కోర్టుల రాయనిది ఇదొక్కటే.

మిర్యాలగూడల రైసుమిల్లు ఎనుక రేకుల రూం మాది. ఆయన మిల్లు లారీ తోలేటోడు. నేను ఉడుకవెట్టిన వడ్లను ఎండల కాళ్ళతోటి తిరగదోసేదాన్ని. తల్లి లేనిదాన్ని గనుక పురుడు ఆ రూంలనే అయింది. తొట్టెలకు నా తరుపున అన్న ఒక్కడే వచ్చిండు. మేనమామ ఎత్తి పండవెడితెనే గదా తొట్టెల. అన్న అదే మిల్లుల గుమస్తా. అప్పటికే ఎర్రగ ఉబ్బిన బావ కండ్లు సూసి నవ్విండు.

"ఏం బావా, ఆడపిల్ల పుట్టిందని గింతగనం ఏడ్సినవా?"

"నీ చెల్లెను చేసుకున్నందుకు ఏడుస్తున్న బామ్మర్దీ, బిడ్డకు కాదు" అన్నడు ఈయన, తడిగుడ్డ కండ్ల మీద ఏసుకోని. మిల్లుల పనిచేసే ఆడోళ్ళందరు పడీపడీ నవ్విన్రు.

పొద్దుగూకంగ మిల్లు కాడికెల్లి మనిషి వచ్చి అన్నను పిలిచిండు. అన్న ఇస్తారి ముందరికెల్లి లేసి పోయిండు. బెల్లంబువ్వ సగం అట్లనే ఉన్నది. మళ్ళ తెల్లారే వచ్చిండు.

"చెల్లె, కోదాడల కండ్ల డాక్టరు ఉన్నడట. బావను తోల్కపోత. గిట్ల ఇడిస్తే సూపు పోతది."

నా అన్నకు ఎంత పావురం, ఎంత ప్రేమ అనుకున్న. ఆయన చెయ్యి పట్టి నేనే గడప దాటిచ్చిన. మాపటికి నల్లద్దాలు పెట్టుకోని వచ్చిండు. డాక్టరు ఏమన్నడంటె "తగ్గుతదన్నడు" అన్నడు. బిడ్డను గూడ ఎత్తుకోలె.

అటెన్క మిల్లు షావుకారు మాకు రూం కిరాయి మాఫీ చేసిండు. బాలెంతకని సన్నబియ్యం పంపిండు. మంచి మనిషి అని కల్లంల కనవడ్డప్పుడల్ల దండం పెట్టేదాన్ని. నేను పెట్టిన దండాలు యాదికొస్తే ఇప్పటికి నా చేతులు నాకే రోత.

బతుకమ్మ పండుగకు మా తల్లిగారి ఊరికి పోయిన. మోతె దిక్కు చిన్న పల్లె. అప్పటికి అన్న కాపురం అక్కడ్నే ఉండె. ఊర్లె నాకొక సోపతి ఉండేది. చిన్నప్పుడు ఒక్క జొన్నరొట్టె ఇద్దరం తుంపుకోని తిన్నోళ్ళం. ఆమె మొగడు గొర్లు కాసేటోడు, రోడ్డు మీద బండి తాకి సచ్చిండని గప్పుడే తెలిసింది. బిడ్డను సంకలేసుకోని, ఆమెకు చీర పట్టుకోని పోయిన. నన్ను సూడంగనే లోపలికి పోయి తలుపు ఏసుకున్నది.

"ఏందే, నేనే! తలుపు తియ్యి!"

లోపలికెల్లి గట్టిగ, వాడకట్టు మొత్తం ఇనేటట్టు అన్నది: "నా మొగని మీదికెల్లి బండి తోలినోని పెండ్లానివి. నా గడప తొక్కకు!"

నాకేం సమజ్ కాలె. మాపు బతుకమ్మ పట్టుకపోయి నడుమ పెట్టిన. నా పక్కనున్నామె తన బతుకమ్మను ఎత్తుకోని అవతలికి పోయింది. ఆమె ఎనుక ఇంకోతామె. ఆఖరుకు నా బతుకమ్మ ఒక్కతే మిగిలింది, నేనొక్కదాన్నే మిగిలిన. అన్న అరుగు మీద కూసోని సూస్తుండు. లేసి ఒక్క మాట అనలె. ఇంటికి వచ్చినంక మాత్రం మెల్లగ చెప్పిండు.

"బావ చేతుల యాక్సిడెంటు అయింది చెల్లె. నీకు పాలు ఎండిపోతయని చెప్పలె."

"ఎప్పుడు?"

"తొట్టెల అయినంక ఒక వారానికి."

మిర్యాలగూడకు వచ్చి ఆయనను నిలదీసిన. కింద సూసుకుంటనే "నేనే తోలిన" అన్నడు. "గొర్లు అడ్డమొచ్చినయి, బ్రేకు పడలె." నా మొగడు అబద్ధం ఆడడు అనుకునే పిచ్చిదాన్ని, నమ్మిన. ఊర్లె ఎవర్నన్న అడిగితే ఏ దినమో తెలిసేది గదా అంటరు మీరు. అడగాల్నంటె నాతోటి మాట్లాడేటోళ్ళు ఉండాలె గదా.

కోర్టు వాయిదాలకు పోయేటోడు. ఒక దినం వచ్చి "ఖతం అయింది, జుర్మానా కట్టిన్రు" అన్నడు. అంతే. గని ఆ మనిషి ముందటి మనిషి కాలె. మా తల్లిగారి పేరు ఎత్తితే లేసి బయటికి పోయేటోడు.

కొన్నేండ్లకు కామెర్లు వచ్చినయి. చివ్వెంల దిక్కు పసరు పోసినా తగ్గలె, సూర్యాపేట దవాఖానల ఏసినా తగ్గలె. కండ్లు పసుపు పూసినట్టు అయినయి. తడిగుడ్డతోటి తుడుస్తుంటె నా చెయ్యి పట్టుకున్నడు.

"ఆ దినం నీ పాలు పిండినవ్, యాదికున్నదా?"

"ఎందుకు యాదికుండదు."

"ఆ దినమే..." అన్నడు. మొఖం గోడ దిక్కు తిప్పుకున్నడు. మళ్ళ ఆ ముచ్చట తియ్యలె, పోయిండు.

సావుకు మా తల్లిగారి ఊరికెల్లి అన్న తప్ప ఒక్క మనిషి రాలె. "చేసిన పాపం కండ్లల్లకు వచ్చింది" అన్నరట. ఆ మాట నాకు చేరినాడు అనుకున్న. ఆ దినమే అంటె ఏ దినం? కండ్లు మూసుకపోయిన దినమైతే మనిషిని ఎట్ల తొక్కిస్తడు? నేను సదువుకోలె, తారీఖులు రావు. గని పోలీసోళ్ళు పట్టుకపోయినప్పుడు తారీఖు రాస్తరు గదా. ఆ కాగితం దొరికితే పట్టుకపోయి నా సోపతి ముందర పెట్టాలె. నా మొగడు నీ మొగన్ని సంపలేదని ఆమె తలుపు తెరిపియ్యాలె. ఇగ అదొక్కటే పట్టుకున్న.

ముందుగాల సూర్యాపేట ఠాణాకు పోయిన. బల్ల కాడ ఉన్న సారు తల ఎత్తకుంటనే అడిగిండు.

"ఏం కావాలె?"

"మా ఇంటాయనను అరెస్టు చేసిన కాగితం సారు."

గప్పుడు తల ఎత్తిండు. "అందరు అరెస్టు వద్దని కాళ్ళు మొక్కుతరు. నువ్వేందమ్మా, అరెస్టు కాగితం కావాలెనని వచ్చినవ్!" పక్కోళ్ళు నవ్విన్రు. "ఆయననే తోల్కరా, ఎవరి కాగితం వాళ్ళకే."

"ఆయన కాట్లె ఉన్నడు సారు."

నవ్వు ఆగింది. సచ్చినట్టు కాగితం తెమ్మన్నరు. మునసబు కోర్టు వాకిలి కాడ దరఖాస్తు రాయించుకోని, మున్సిపాలిటీ సుట్టు తిరిగి ఆ కాగితం తెచ్చిన. తెచ్చినంక యాక్సిడెంటు ఎక్కడైందని అడిగి, "అది మా హద్దు కాదు, కోదాడ దిక్కు పో" అన్నరు. ఆ మాట మొదలే అడిగితే ఏం పోతుండె?

కోదాడ దిక్కు ఠాణాల బండి నంబరు చెప్పమన్నరు. లారీ నంబరు నాకు నోటికి వచ్చు. దసరాకు నిమ్మకాయలు కట్టి, ఆ అంకెలకు ఒక్కొక్కదానికి బొట్టు పెట్టేది నేనే. అంకెలు నేర్సుకున్నదే ఆ లారీ మీద. చెప్పిన. రైటరు సారు పాత బుక్కులు తీసి సూసిండు. మళ్ళ రమ్మన్నడు, మళ్ళ సూసిండు.

"ఆ లారీ మీద కేసు లేదమ్మా. ఆ ఏడు కాదు, ఎన్కటేడు కాదు."

లేదట! నా మొగని మీద కేసే లేదట! నాకు రెక్కలొచ్చినయి. కోదాడలనే అన్న ఎరువుల కొట్టు పెట్టిండు, ఉరికిన.

"అన్నా, బావ మీద కేసే లేదట! లారీ నంబరు బుక్కుల లేనే లేదట!"

అన్న ఇట్ల రమ్మని లోపలికి తీస్కపోయిండు. గోలిసోడా కొట్టిచ్చిండు. కోదాడల కొట్టు పెట్టినంక వాని మాట గూడ ఆంధ్రోళ్ళ లెక్క మారింది. "ఎందుకు చెల్లాయ్ నీకీ తిరుగుడు? పోయినోడు పోయాడు. ఎముకలు తవ్వకు." నా సంబురానికి వాని మొఖం ఎందుకు మాడిందో ఆ దినం అర్థం కాలె. సోడా తాగి బస్సెక్కిన. ఎక్కినంక మతికి వచ్చింది. కేసు లేకుంటె మరి ఆయన వాయిదాలకు ఎందుకు పోయిండు?

మళ్ళ పోయిన. ఈసారి రైటరు లేడు, ముసలి హెడ్డు కానిస్టేబు ఒకాయన బీడీ తాగుకుంట కూసున్నడు. ఇదంత ఇని అన్నడు.

"లారీ నంబరు ఎందుకమ్మా. యాక్సిడెంటు కేసు సచ్చినోని పేరు మీద మాకు యాదికుంటది, తోలినోని పేరు మీద కాదు. సచ్చిందెవరు?"

"గొర్లు కాసేటాయన. మోతె దిక్కు మనిషి."

"ఓ, ఆ జీపు కేసా!"

"జీపు కాదు సారు, లారీ."

"జీపేనమ్మా. గొర్లు గూడ సచ్చినయి. పంచనామకు పోయింది నేనే. మిల్లు షావుకారుది, తెల్లజీపు."

ఆ తెల్లజీపు మిల్లుల నేను దినాం సూసిందే. ఆ జీపు తాళం మా ఆయన చేతికి ఎన్నడు రాలె. షావుకారు కొడుకు తప్ప దాన్ని ఎవరు ముట్టేటోళ్ళు కాదు. కడిగేటోన్ని గూడ ఆ పిల్లగాడు తిట్టేటోడు, గీతలు పడతయని. తొట్టెల అయినంక ఆ జీపు మళ్ళ మిల్లుల కనవడలె. అమ్మిన్రన్నరు.

హెడ్డు సారే కేసు నంబరు తీసి సిగరెట్టు డబ్బ అట్ట మీద రాసిచ్చిండు. "కాగితాలు మాతాన ఉండయి, కోర్టుకు పోయినయి. సూర్యాపేట కోర్టుల నకలుకు అర్జీ పెట్టు. వకీలును పట్టుకో" అన్నడు.

సూర్యాపేటల ఒక వకీలమ్మ దొరికింది. కోర్టు స్టాంపు అంటిచ్చి అర్జీ రాసింది, నేను ఏలుముద్ర ఏసిన. పాత కేసాయె, రికార్డు రూంల ఎర్రగుడ్డ మూటలల్ల ఎక్కడుందో ఎతకాలె. ఎండకాలం సెలవులన్నరు, గుమస్తా బదిలీ అయిండన్నరు. వడ్ల పని ఇడిసిపెట్టి ఎన్నిసార్లు మిర్యాలగూడ బస్సు ఎక్కిన్నో. ఆఖరుకు వచ్చింది. కోర్టు ముద్ర కొట్టిన నకలు, సగం ఇంగ్లీషు, సగం తెలుగు. వకీలమ్మ వాకిట్ల స్టూలు ఏసి నన్ను కూసోవెట్టి, సదివి చెప్పింది.

ముందుగాల తారీఖు. మా బిడ్డ పుట్టిన కాగితం పక్కన పెట్టుకోని, ఇరువైయొకటో దినం తొట్టెల గనుక ఏళ్ళ మీద లెక్కేసింది. "యాక్సిడెంటు తొట్టెల ఏసిన మాపు, అరెస్టు తెల్లారి" అన్నది. కోదాడల కండ్ల డాక్టరు దినం!

"ఏం రాసిన్రమ్మా?"

"ముద్దాయి తనంతట తానే ఠాణాల హాజరైండు. జీపు నడిపింది నేనేనని ఒప్పుకున్నడు. అరెస్టు చేసి, జమానతు మీద ఇడిసిపెట్టిన్రు."

"కండ్ల గురించి రాసిన్రా?"

ఆమె మళ్ళ సూసింది. "లేదు. మనిషి ఆరోగ్యంగ ఉన్నడు, దెబ్బలు లేవు అని ఉన్నది."

"సంతకం ఉన్నదా?"

"అసలు కాగితం మీద ఉంటది. నకలు మీద ఉండదు."

నేను ఒక్కసారి సూస్తనంటె, ఆమె బతిమిలాడి రికార్డు రూం కాడికి తీస్కపోయింది. అక్కడున్నాయన మూట ఇప్పి దూరంకెల్లి సూపిచ్చిండు. మా ఆయన ఐదు దాక సదివిండు, సంతకం సక్కగ కట్టె పెట్టినట్టు చేసేటోడు. ఈ సంతకం గీత మీదికెల్లి జారి, కింద రాసిన అక్షరాల మీదికి ఎక్కింది. సూపు లేనోడు గోడ తడుముకున్నట్టు ఉన్నది. ఎవరో చెయ్యి పట్టి, ఇక్కడ పెట్టు అంటె పెట్టిండు. ఇదే ఆయన చేసిన నేరం మొత్తం.

బయటికి వచ్చినంక అడిగిన. "జమానతు ఎవరిచ్చిన్రు?"

వకీలమ్మ ఏలు పెట్టి సదివింది. "ముద్దాయికి బావమరిది అవుతడట. అదే మిల్లుల గుమస్తా."

మా ఆయనకు బావమరిది ఒక్కడే.

ఇంకా నేనెంత పిచ్చిదాన్నంటె, గప్పుడు గూడ ఒక మాట అడిగిన. "ఈ కాగితం సూపిచ్చి, మా ఆయన తోలలేదని చెప్పొచ్చు గదమ్మా?"

ఆమె కాగితం మడిచి నా చేతుల పెట్టింది. "ఈ కాగితం ఆయనే తోలిండని చెప్తదమ్మా. ఎవరు సదివినా అదే చెప్తది."

మడిచిన కాగితం రైకల దోపుకోని సక్కగ కోదాడ బస్సెక్కిన. అన్న గల్లాపెట్టె కాడ కూసున్నడు. కొట్టుల రైతులు ఉన్నరు.

"ఏంటి చెల్లాయ్, ఇట్లా వచ్చావ్?"

"జీపు ఎవరు తోలిన్రన్నా?"

వాడు లేసి షట్టరు సగం కిందికి గుంజిండు. కోదాడ మాట పోయింది, మోతె మాట వచ్చింది. "జర మెల్లగ మాట్లాడే! గిరాకి ఉన్నది."

"ఆ పొద్దు నా ఇంట్ల నా బిడ్డను తొట్టెల పండవెట్టినవ్. ఆయన కండ్లు సూసి నవ్వినవ్. తెల్లారి ఆ గుడ్డోని చెయ్యి పట్టుకపోయి ఠాణాల కూసోవెట్టినవ్."

"నేనేమన్న గొంతు మీద కత్తి పెట్టిన్నా? లారీ లైనుల ఇది కొత్తనా? షావుకారు బండి తాకితే లైసెన్సు ఉన్నోడు కేసు మీదేసుకుంటడు, షావుకారు సూసుకుంటడు. ఊరూర ఇదే నడుస్తది. బావ కాకుంటె ఇంకోడు కూసునేటోడు."

"మరి నా బతుకమ్మను ఇడిసిపెట్టి అందరు పోతుంటె అరుగు మీద కూసోని సూసినవ్ గదా! ఒక్క మాట నాకన్న చెప్తే ఏమైతుండె?"

"కేసు తిరగవడుతది. ఒప్పుకున్నంక అబద్ధమని తేలితే బావనే లోపలేస్తరు." ఇంకోటి గూడ అన్నడు. "చెప్పొద్దన్నది గూడ బావనే. నీ చెల్లె నోరు ఆగదు, దానికి తెలిస్తే అందర్ని ముంచుతది అన్నడు."

అన్న చేసిన దానికి నేను ఏడ్వలె. ఈ మాటకు ఏడ్సిన. నా పాలు కండ్లల్ల పోయించుకున్న మనిషి, నా నోరు నమ్మలె. ఒక పక్క బిడ్డ, ఒక పక్క నేను పండుకుంటె, నడుమ ఇంత పెద్ద అబద్ధం పెట్టుకోని అన్నేండ్లు పండుకున్నడు.

"లే. నాతోటి ఊరికి రా. నా సోపతి ముందర నిలవడి నీ నోటితోటి ఈ మాట చెప్పు, సాలు."

"రాను. పోయి చెప్పుకో. కాగితం నిన్నే అబద్ధం అంటది." ఇగ వాడు షట్టరు పైకి లేపి, రైతును "యూరియానా, డీఏపీనా?" అని అడిగిండు.

నేనొక్కదాన్నే పోయిన. బస్సు దిగి ఎండల పొలాలెంబడి నడిసిన. ఆమె ఇంటి పక్క మడిల నారు పచ్చగ ఉన్నది. చుట్టుపక్కల మొత్తం ఎండింది, ఆ ఒక్క మడి పచ్చగ ఉన్నది. ఆమె గట్టు మీద గడ్డి కోస్తున్నది. ఎంటికలు తెల్లవడ్డయి. ఈడ మూసుకునేటందుకు తలుపు లేదు.

"నీ మొగన్ని నా మొగడు సంపలే" అన్న. రైకలకెల్లి కాగితం తీసిన. "జీపు తోలింది షావుకారు కొడుకు. మా ఆయనకు ఆ దినం కండ్లే లేవు. కాగితం తెచ్చిన, గని కాగితంల ఆ ముచ్చట లేదు. నా నోరే ఉన్నది. నమ్ముతె నమ్ము."

ఆమె కొడవలి పక్కకు పెట్టింది. నా దిక్కు సూడలె.

"నాకు తెలుసు" అన్నది.

"ఎప్పటికెల్లి?"

"నా మొగని దినాలు కాకముందే. మీ అన్న వచ్చిండు. షావుకారు బోరు ఏపిస్తడు, నోరు మూసుకో, సాక్ష్యం అడిగితే లారీ డ్రైవరేనని చెప్పు అన్నడు. ముగ్గురు పిల్లలు. గొర్లు సగం సచ్చినయి, సగం అమ్ముకున్న. ఏం చెయ్యమంటవ్?"

"మరి ఆ దినం తలుపు ఏసుకోని అట్ల అరిసినవేందే?"

"వాడకట్టు ఇనాలెనని. మీ అన్న అరుగు మీదికెల్లి ఇంటుండె." గడ్డిపోస తుంపుకుంట అన్నది: "ఇంకోటి గూడ. నీ మొఖం సూస్తే చెప్పేస్తనని తలుపు ఏసిన. నువ్వు చీర గడప మీద పెట్టి పోయినవ్. ఇంకా ఉన్నది, కట్టలె."

కొడుదామనిపిచ్చింది. నిజంగనే చెయ్యి లేసింది. గని ఏమని కొట్టుడు? ఆమెకు బోరు ఏపిచ్చిన్రు. నాకు కిరాయి లేని రూం ఇచ్చిన్రు, సన్నబియ్యం ఇచ్చిన్రు. ఆమె తెలిసి తీసుకున్నది, నేను తెల్వక దండం పెట్టి తీసుకున్న. నా మొగని పేరును ఇద్దరం తిన్నం. ఆయన బతికున్నన్ని దినాలు ఈ ఊరికి రాకపోయింది భయానికి కాదు. వస్తే ఈమెను సూడాలె, ఈ మడిని సూడాలె.

"చెప్తవా?" అని అడిగిన. "ఊరందరి ముందర, ఒక్కసారి."

ఆమె మళ్ళ కొడవలి అందుకోని మడి దిక్కు సూసింది. బోరు మోటరు నడుస్తున్నది. "పిల్లలు ఈ మడి మీదనే బతుకుతున్నరు" అన్నది ఆఖరుకు.

అంటె చెప్పదు. అర్థమైంది.

నడువవోతుంటె కండ్లు తిరిగి గట్టు పట్టుకున్న. పొద్దటికెల్లి నోట్లె ఏం ఏసుకోలె. ఆమె ఉరికి పోయి చెంబుతోటి నీళ్ళు తెచ్చింది.

"తాగు. ఎండల వచ్చినవ్."

"ఈ నీళ్ళు యాడియి?"

ఆమె చెప్పే పని లేదు, బోరు పైపు కాలికాడనే ఉన్నది.

తాగిన. ఎత్తిన చెంబు దించకుంట తాగిన. ఎంత సల్లగ, ఎంత తియ్యగ ఉన్నయో ఆ నీళ్ళు. ఉప్పగ ఉంటే, చేదుగ ఉంటే ఉమ్మేసి పోయేదాన్ని. చెంబు ఆమె చేతికి ఇయ్యకుంట గట్టు మీద పెట్టి నడిసిన. ఎనుక "ఏమే" అని పిలిచింది, చిన్నప్పుడు పిలిచినట్టే. నేను తిరగలె.

ఆ నకలు ఇప్పటికి నా సందుగల ఉన్నది, బిడ్డ తొట్టెల గుడ్డల నడుమ. ఎవరన్న తీసి సదివితే మా ఇంటాయన మనిషిని సంపిండని, ఆరోగ్యంగ ఉన్నడని ఉంటది. అందుకే చెప్తున్న. నా నోరు ఆగదన్నడు గదా. రాయి బిడ్డా, నీ తండ్రికి ఆ దినం కండ్లు లేవు.